వాసన కోసం డికాక్షన్

...ఇంతకీ ఆ సీసా సంగతి మొదట ఎత్తింది భార్య తాయారా, తనా? గవర్రాజుకి ఎంత ఆలోచించినా తేలడం లేదు. తాయారే అయి ఉంటుంది. కాదు, తాయారు పప్పుచెక్కలు వేయించింది, అంతే. వేయించినవి ఇంట్లో తినేవాళ్లు లేక పక్కవాటాల వాళ్లకి పంచుతుంటే, కొట్లో ఒక గాజు సీసాలో పెడితే కాఫీ తాగేవాళ్లు కొనుక్కుంటారేమో అన్న మాట ఇద్దరిలో ఎవరి నోట్లోంచో వచ్చింది. ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలిసినా ఇప్పుడు చేయగలిగింది లేదు. అయినా కాలు జారి పడినవాడు ఏ మెట్టు మీద జారాడో వెనక్కి తిరిగి చూసుకోకుండా ఉండలేడు. గవర్రాజు ఆ మెట్టు కోసమే వెతుకుతున్నాడు. వెతుకుతూనే, మూడున్నర అవుతోంది కాబట్టి, ఎవరూ తాగబోని కాఫీకి డికాక్షన్ వేస్తున్నాడు.

ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, అదిమి, మరిగిన నీళ్లు అంచు వెంట తిప్పుతూ పోశాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని. చేతులు అతన్ని అడక్కుండానే చేసుకుపోతాయి. చుక్కలు దిగడం మొదలయ్యాక ఆ వాసన కొట్టు దాటి, సందు దాటి, ఎదురుగా ఉన్న టీ బండి దాకా పోయింది. సరిగ్గా అయిదింటికి ఈ డికాక్షన్‌ని కాలవలో పారబోయాలి. అది నిబంధన. పారబోసేటప్పుడు గవర్రాజు మొహం పక్కకి తిప్పుకుంటాడు. అది నిబంధనల్లో లేదు గానీ, దానికి ఇంకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ కొట్టు పురపాలక సంఘం ఆఫీసు వెనక సందులో ఉంది. గదీ సంఘానిదే, దానికిచ్చిన లైసెన్సూ సంఘానిదే. లైసెన్సులో 'కాఫీ మాత్రమే' అని ఉంది. ఇన్నాళ్లూ దానికి మించి గవర్రాజు ఏమీ కోరలేదు. మొదటి డికాక్షన్ అయిపోతే రెండోది తీసి పల్చగా పోసే రకం కాదు. అయిపోయిందని చెప్పడానికి నోరు రాక, ఖాళీ ఫిల్టరు తెచ్చి చూపించేవాడు. ఆ మధ్య అద్దే పెరిగింది, పాలూ పెరిగాయి. కాఫీ మీద పెంచుదామంటే, రోజూ వచ్చే మొహాలకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. సీసా ఆలోచన అక్కణ్ణించి పుట్టింది. తెల్లకాగితం మీద అర పేజీ అర్జీ రాశాడు. కాఫీతో పాటు పప్పుచెక్కలు అమ్ముకొనుటకు అనుమతి దయచేయించవలెనని ప్రార్థన.

అర్జీ వెళ్లిన బల్ల మీద ఎనిమిది నెలలుగా ఒక పథకం పడుకుని ఉంది. దాని పేరు 'జోడింపు'. చిన్న కాఫీ కొట్ల ఆదాయం పెంచడానికి తినుబండారాల్ని కాఫీకి జతచేయించడం దాని ఆశయం. పథకం ఉంది, దానికొక అధికారి ఉన్నాడు, అధికారికి ఒక జీపు ఉంది. లబ్ధిదారుడే లేడు. ఆదాయోన్నతి అధికారి వామనరావు గారు ఆ అర్జీని రెండుసార్లు చదివి, లేచి నిలబడ్డారని ఆఫీసులో వాళ్లు చెప్పుకున్నారు.

మర్నాడే ఆయన కొట్టుకి వచ్చాడు. అంతకు ముందు వారమే ఏదో కొండ ఊళ్లో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చి ఉన్నాడు. ఆ ఉత్సాహం ఇంకా చల్లారలేదు. కూర్చోకుండా, నాలుగు బల్లల మధ్యా తిరుగుతూ మాట్లాడాడు.

"గవర్రాజు గారూ, మీరు కోరింది ఒక సీసా. విభాగం దృక్పథం అంత సంకుచితంగా ఉండదు. మనిషి కాఫీ ఒక్కటే తాగి లేచి వెళ్లిపోతున్నాడంటే అది ఆ మనిషి ఇష్టం అని మీరు అనుకుంటున్నారు. కాదు. అది వ్యాపారి వైఫల్యం. దీన్ని మేము జారిన అవకాశం అంటాం. మీ కొట్లో రోజుకి ఎన్ని అవకాశాలు జారుతున్నాయో మీరెప్పుడైనా గమనించారా?"

గవర్రాజు నేల వంక చూశాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఆ మాట అతను అనలేదు. అదే బయటికి వచ్చింది. ఎప్పుడూ అంతే. మనసు ఇంకా ప్రశ్నని విప్పుకుంటూ ఉండగానే గొంతులో కాపురం ఉంటున్న మనిషెవడో తలుపు తీసి జవాబు చెప్పేసి మళ్లీ వేసేసుకుంటాడు. ఎనిమిదేళ్లప్పుడు బళ్లో ఫొటో తీయడానికి వచ్చినాయన, తల కొంచెం ఎడమకి వంచమన్నాడు. తీశాక ఇక చాలని చెప్పడం మరిచిపోయాడు. గవర్రాజు ఆ సాయంత్రం దాకా తల వంచుకునే ఉన్నాడు. వాళ్లమ్మ మెడ పట్టిందనుకుని ఆవనూనె రాసింది. యాభై నాలుగేళ్లు వచ్చినా, ఆ ఫొటో తీసినాయన వచ్చి చాలని చెబుతాడని లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది అతనికి.

అనుమతి వారంలో వచ్చింది. ఆమోదించిన పదార్థాల జాబితా కూడా దానితోనే వచ్చింది. పదకొండు ఉన్నాయి. జొన్న శాండ్‌విచ్చి, మునగాకు కట్లెట్టు, సేమ్యా పాయసం, ఇంకా అలాంటివి. చెక్కలు లేవు. గవర్రాజు జాబితాని తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. వామనరావు ఓపిగ్గా వివరించాడు. జోడింపు పదార్థం మెత్తగా, వెచ్చగా ఉండాలట. చెక్క కొరికితే శబ్దం వస్తుంది. ఆ శబ్దానికి పక్క బల్లమీదివాడి ధ్యాస చెదిరి, తనేం తినాలో నిర్ణయించుకునే ప్రక్రియ మధ్యలో తెగిపోతుందట. పోతూ పోతూ ఆయన మేకుకి వేలాడుతున్న మసిగుడ్డని రెండు వేళ్లతో తీసి, ప్లాస్టిక్ కవర్లో వేసి, పరీక్షకి పంపడానికి తీసుకుపోయాడు. అది మళ్లీ రాలేదు. మసిగుడ్డ వాడరాదన్న సూచన మాత్రం అచ్చు వేయించి అదే మేకుకి తగిలించారు. ఆ రోజు నుంచి గవర్రాజు పొయ్యి మీది గిన్నెల్ని చొక్కా అంచుతో దించుకుంటున్నాడు.

ఇంట్లో ఆ సంగతి చెబితే తాయారు చేటలో పప్పు ఏరుతూ తలెత్తలేదు.

"చెక్కలకి పర్మిషన్ అడిగితే చెక్కలు తప్ప అన్నీ ఇచ్చారా?"

"మంచి ఉద్దేశంతోటే ఇచ్చార్లే తాయారూ."

"మరి మీరేవన్నారు?"

గవర్రాజు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

"తెలుసులెండి నాకు" అని లోపల్నించి వినిపించింది.

తర్వాత బిళ్లలు వచ్చాయి. కాఫీకి గోధుమరంగు బిళ్ల, తిండికి పసుపు బిళ్ల. రెండూ జతగా ఇస్తేనే కాఫీ పోయాలి. మొదటి రెండు రోజులు జనం నవ్వుకుంటూ కట్లెట్లు కొన్నారు. మూడో రోజు నుంచి కట్లెట్లు బల్లల మీద వదిలేసి పోయేవారు. నాలుగో రోజు నుంచి మనుషులు రావడమే తగ్గింది. వామనరావు దీన్ని ముందే ఊహించినట్టు తల పంకించి, నిరాకరణ పత్రం ప్రవేశపెట్టాడు. తిండి వద్దనేవాడు ఎందుకు వద్దో రాసి ఇస్తే, కాఫీ ఒక్కటే పోయవచ్చు. పత్రంలో ఏడు గడులున్నాయి. ఈ రోజు ఏం తిన్నారు, ఎవరు వండారు, రుచిగా ఉందా, అయిదో గడిలో, చివరిసారి ఎవరితో కలిసి కూర్చుని తిన్నారు.

ఈ పత్రాలు నింపేవాళ్లని చూస్తూ గవర్రాజు ఒక విషయం కనిపెట్టాడు. మొదట విసుక్కుంటూ కలం తీసినవాళ్లు అయిదో గడి దగ్గర ఆగిపోయేవారు. కొంతమంది చల్లారిపోతున్న కాఫీ సంగతి మరిచిపోయేవారు. పన్నుల విభాగం గుమాస్తా ఒకాయన గడి చాలక వెనక పేజీ నిండా భార్య వండే ఆనపకాయ కూర గురించి రాసి, సంతకం పెట్టి, తేలికపడ్డ మొహంతో లేచి వెళ్లాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా గవర్రాజు వాళ్ల పెదాలు మాత్రమే చూశాడు. గ్లాసు వెనక ఇంత ఉందని అతనికి తెలియదు. తెలియకుండా ఉన్నప్పుడే కాఫీ పోయడం సులువుగా ఉండేది.

నరసింగం మాస్టారు పత్రం కూడా అతను చదివాడు. చదవకూడదనుకుంటూనే చదివాడు.

మాస్టారు ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. సంఘం ఆఫీసులో సగం మంది ఆయన దగ్గర వేళ్లు తిప్పడం నేర్చుకున్నవాళ్లే. వామనరావూ అంతే. నాలుగు గంటల బ్యాచీకి విరామం ఇచ్చి, మాస్టారూ భార్యా మెట్ల మీద కూర్చుని కాఫీ తాగేవారు. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత నాలుగింటికి ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు. మూల కుర్చీ, సగం చక్కెర. బయట తిండి ముట్టడు. తాగి, గ్లాసుని దవరా గిన్నెలో బోర్లించి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోతాడు. అలా బోర్లించడమంటే బాగుందని. ఆ సంగతి ఇద్దరికే తెలుసు.

ఆయన పత్రంలో మొదటి నాలుగు గడులూ ఖాళీ. అయిదో గడిలో మూడేళ్ల కిందటి తేదీ, దాని పక్కన 'మహాలక్ష్మి' అని ఉంది. చివర కారణం అన్నచోట, ఆకలి లేదు, కాఫీ కావాలి, అని రాశాడు. పత్రం తిరస్కరించబడింది. వామనరావు స్వయంగా వచ్చి, మాస్టారి కుర్చీ ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, వినయంగానే చెప్పాడు.

"మాస్టారూ, ఆకలి లేకపోవడమన్నది కారణం కిందికి రాదండి. అది సమస్య. సమస్యని కారణంగా చూపిస్తే విభాగం ఒప్పుకోదు."

"నువ్వు అప్పుడూ అంతేరా వామనా" అన్నాడు మాస్టారు. "కీ చూసి కొట్టేవాడివి గానీ కాగితం మీద ఏం పడిందో చూసేవాడివి కాదు."

వామనరావు దీన్ని సలహాగా స్వీకరించి రాసుకున్నాడు. అప్పట్నించి మాస్టారు పసుపు బిళ్ల కూడా కొని, ముట్టని కట్లెట్టుని బల్ల మీదే వదిలేసి కాఫీ తాగి వెళ్లేవాడు.

పత్రాలన్నీ ఆఫీసుకి చేరాక వాటిని అధ్యయనం చేశారు. అధ్యయనంలో ఎవరూ ఊహించని సత్యం ఒకటి బయటపడింది. కాఫీ తాగినవాడికి ఆకలి చస్తుంది. అంటే కాఫీ కొట్లో తిండి అమ్మకానికి అడ్డు పడుతున్నది మరేదో కాదు, కాఫీయే. ఇంతకాలం ఇంటిదొంగని గుర్తించలేకపోయామని నివేదికలో విచారం వ్యక్తం చేశారు. ఆ వారం నుంచి తిండి తిన్న తర్వాతే కాఫీ పోయాలన్నారు. పై వారం, తిన్న నలభై నిమిషాలకి. ఆ పై వారం, మందు కొలిచే గ్లాసుతో. ఆ తర్వాత కాఫీని తాత్కాలికంగా నిలుపుదల చేశారు.

ప్రతి ఉత్తరువుకీ గవర్రాజు అలాగేనండి అన్నాడు. ఒక్కోసారి ఉత్తరువు చదవడం పూర్తి కాకముందే అన్నాడు. నిలుపుదల ఉత్తరువప్పుడు మాత్రం అతనికి ధైర్యం వచ్చి, అలాంటప్పుడు కొట్టు పేరు మారుద్దామా, కాఫీ హోటలు అన్న బోర్డు తీసేద్దామా అని అడిగాడు. వామనరావు కంగారుపడ్డాడు. పథకం కాఫీ కొట్లకే వర్తిస్తుంది. బోర్డు తీసేస్తే కొట్టుకి అర్హత పోతుంది. కాఫీ హోటలుగా ఉండటానికి కాఫీ అవసరం లేదు గానీ బోర్డు అవసరం.

ఇంకో చిక్కు మిగిలింది. కాఫీ ఆకలిని చంపుతుంది గానీ, కాఫీ వాసన ఆకలిని పుట్టిస్తుందని నివేదిక అనుబంధంలో ఉంది. అందువల్ల రోజూ మూడున్నరకి నాణ్యమైన పొడితో, చిక్కగా, వాసన కోసం డికాక్షన్ తీయాలి. దాన్ని గాలి కన్నాలున్న గాజు పెట్టెలో ఉంచాలి. దుర్వినియోగం కాకుండా అయిదింటికి కాలవలో పోయాలి.

కాఫీ ఆగిన మొదటి రోజు నాలుగింటికి మాస్టారు యథాప్రకారం వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. గవర్రాజు వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు. ఈసారి చూపించడానికి ఖాళీ ఫిల్టరు కూడా లేదు. నిండు ఫిల్టరుంది, గాజు పెట్టెలో. మాస్టారు దాని వంక చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వాసనైతే వస్తోంది కదయ్యా" అన్నాడు. "చాల్లే."

అప్పట్నించీ రోజూ వచ్చి పావుగంట కళ్లు మూసుకుని కూర్చుని వెళ్తున్నాడు. పోయేముందు ఆయన చెయ్యి బల్ల మీద ఏదో బోర్లించబోయి, ఏమీ లేక, వెనక్కి వచ్చేస్తుంది. గవర్రాజు రోజంతా కట్లెట్లు కాల్చడం భరించగలుగుతున్నాడు. డికాక్షన్ పారబోయడం కూడా మొహం తిప్పుకుని భరిస్తున్నాడు. ఆ చెయ్యి వెనక్కి రావడం మాత్రం ఇంటికెళ్లి పడుకున్నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

పాత గిరాకీ అంతా ఎదురుగా టీ బండికి చేరింది. ఆ మధ్య బండి మీద ఒక గాజు సీసా వెలిసింది. అందులో పప్పుచెక్కలు. సాయంత్రానికల్లా సీసా ఖాళీ. అవి ఎవరి చేతి చెక్కలో గవర్రాజుకి దూరం నుంచే తెలిసింది. ఇంటికెళ్లి తాయారు మొహం వంక చూశాడు.

"పర్మిషన్ అడగలేదు, ఇవ్వలేదు, పెట్టేశాను" అంది తాయారు. "మీ ఆఫీసోళ్లే ఎక్కువ తింటున్నారంట."

నిజమే. తనిఖీకి వచ్చినవాళ్లు కొట్లో కట్లెట్టు రుచి చూసి, బాగుందని రాసి, తిన్నగా బండి దగ్గరికి వెళ్లి టీలోకి చెక్కలు నంజుకునేవారు. ఆ శబ్దం ఇటు కొట్లోకి కూడా స్పష్టంగా వినిపించేది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగా ఇవాళ డికాక్షన్ పూర్తిగా దిగింది. గవర్రాజు ఫిల్టరుని గాజు పెట్టెలో పెట్టాడు. పాయసం కోసం పాలు పొయ్యి మీద పెట్టాడు. ఇవాళ పెద్ద రోజు. పక్క ఊరి సంఘం నుంచి అయిదుగురు అధికారులు ఈ కొట్టుని చూడటానికి వస్తున్నారు. 'ఉత్తమ కాఫీ హోటలు' అని చెక్కిన ఇత్తడి పలక కూడా వస్తోంది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా వచ్చారు. వామనరావు కొత్త చొక్కా వేసుకున్నాడు. బిళ్లలు చూపించాడు, పత్రాలు చూపించాడు, గాజు పెట్టె ముందు నిలబెట్టి అందరినీ ఊపిరి పీల్చమన్నాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన గట్టిగా పీల్చి, మొహమాటపడుతూ, ఒక్క గుక్క దొరుకుతుందా అని అడిగాడు. వామనరావు నవ్వి, ఈ ప్రశ్నే పథకం విజయానికి నిదర్శనమన్నాడు. తాగాలనిపిస్తే ఎదురుగా టీ ఉందన్నాడు.

అప్పుడే మాస్టారు వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

వామనరావు గవర్రాజుని పొయ్యి దగ్గరికి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. చేతిలో ఒక దళసరి కాగితం పెట్టాడు. పలక అందుకోబోయే ముందు దాని మీద సంతకం కావాలి. ఇకపై ఈ కొట్లో కాఫీని శాశ్వతంగా, స్వచ్ఛందంగా, సంతోషంగా వదులుకుంటున్నట్టు హామీ. లేకపోతే పలక సంగతి అలా ఉంచి, ఈ గది కేటాయింపే పునఃపరిశీలనకి వెళ్తుందన్నాడు. అది బెదిరింపు కాదని, పద్ధతి మాత్రమేనని కూడా చెప్పాడు.

"ఇంకొక్కటి. మాస్టారంటే నాకు గౌరవమే. కానీ ఆయన రోజూ వచ్చి ఏమీ కొనకుండా వాసన అనుభవించి వెళ్తున్నారు. ఇది ఉచిత వినియోగం కిందికి వస్తుంది. రేపటి నుంచి ఆ కుర్చీ తీసేయండి."

గవర్రాజు కుర్చీ వంక చూశాడు. మాస్టారి చెయ్యి అప్పటికే బల్ల మీద ఉంది. అక్కడ లేని గ్లాసు చుట్టూ వేళ్లు కొంచెం వంగి ఉన్నాయి. నాలుగు కొట్టింది.

కలం అతని జేబుకి ఆనించి పట్టుకున్నాడు వామనరావు. కాగితం ఎడమచేతిలో ఉంది. గొంతులో కాపురం ఉన్న మనిషి లేచి తలుపు దగ్గరికి వస్తున్న అలికిడి గవర్రాజుకి తెలుస్తోంది. ఇన్నేళ్లలో మొదటిసారి అతనికి ఆ అడుగులు ముందుగా వినిపించాయి. ఫొటో తీసినాయన ఇక రాడు. ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు. చాలని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

పొయ్యి మీద పాలు అంచుదాకా లేచాయి.

గవర్రాజు అలవాటుగా మేకు వైపు చెయ్యి చాపాడు. మసిగుడ్డ లేదు, అచ్చువేసిన సూచన ఉంది. చొక్కా అంచు లాగబోయాడు. మళ్లీ వదిలేశాడు. చేతిలో కాగితాన్ని అడ్డంగా ఒక మడత, నిలువుగా ఒక మడత పెట్టాడు. మంచి దళసరి కాగితం. దాంతో గిన్నె అంచు పట్టుకుని పాలు దించాడు.

"గవర్రాజు గారూ, అది హామీ పత్రం" అన్నాడు వామనరావు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు గవర్రాజు, ఎప్పటి గొంతుతోనే.

గాజు పెట్టె తలుపు తీసి ఫిల్టరు కిందిగిన్నె బయటికి తీశాడు. గ్లాసులో సగం చక్కెర వేశాడు. డికాక్షన్ పోసి, పాలు పోసి, దవరాలోకి గ్లాసులోకి రెండుసార్లు తిరగబోసి, నురగ ఆరకముందే తీసుకెళ్లి మాస్టారి వేళ్ల మధ్య పెట్టాడు.